లినక్స్ అందామా, గ్నూ/లినక్స్ అందామా?

ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఏ పేరుతో పిలవాలన్న తగవు ముప్పై ఏళ్ళుగా సాగుతూనే ఉంది. లోకంలో ఎక్కువమంది దాన్ని లినక్స్ అంటారు. రిచర్డ్ స్టాల్‌మన్, ఆయన స్థాపించిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ మాత్రం దాని పేరు గ్నూ/లినక్స్ అంటారు. ముందున్న ఆ మాట ఎగిరిపోతే చరిత్రే తారుమారవుతుందన్నది వారి వాదన. కొత్తగా విన్నవారికి ఇది పేరు కోసం పట్టిన పంతంలా కనిపిస్తుంది. నాకు అలా అనిపించదు. ఇందులో నాలుగు వేర్వేరు ప్రశ్నలు చిక్కుపడి ఉన్నాయి. ఆ వ్యవస్థను ఎవరు కట్టారు? అసలు ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఎంత మేర? దాన్ని ఎందుకు కట్టారు? పేరు విన్నవాడికి ఇవాళ ఏం తెలియాలి? ఒకరు మొదటి ప్రశ్న అడిగితే ఇంకొకరు రెండోదానికి జవాబు చెబుతారు. ఇన్నేళ్ళయినా తగవు తెగకపోవడానికి సగం కారణం అదే.

చరిత్రలో ఎవరూ కాదనలేని భాగం ముందు చెప్పుకుందాం. 1983 సెప్టెంబరు 27న, అమెరికాలోని ఎం.ఐ.టి. కృత్రిమ మేధ ప్రయోగశాలలో పనిచేస్తున్న స్టాల్‌మన్ యూజ్‌నెట్‌లో ఒక ప్రకటన పెట్టారు. యూనిక్స్‌కు అనుగుణంగా నడిచే ఒక పూర్తి వ్యవస్థను మొదటినుంచీ రాస్తాననీ, దాన్ని వాడుకునే, చదివే, మార్చుకునే, నలుగురికీ పంచే స్వేచ్ఛ అందరికీ ఉంటుందనీ అందులో చెప్పారు. దానికి గ్నూ అని పేరు పెట్టారు. ‘గ్నూ అంటే యూనిక్స్ కాదు’ అనే ఇంగ్లీషు వాక్యపు పొడి అక్షరాలవి. 1984 జనవరిలో ఉద్యోగం మానేసి పనిలోకి దిగారు. 1985లో ఫౌండేషన్ ఏర్పడింది. అదే ఏడు ఈమాక్స్ ఎడిటరు, 1987లో జీసీసీ కంపైలరు, 1989లో బ్రయన్ ఫాక్స్ రాసిన బ్యాష్ షెల్ వచ్చాయి. సీ లైబ్రరీ, డీబగ్గరు, ఫైళ్ళు చూడడానికీ నకలు తీయడానికీ చెరపడానికీ కావలసిన చిన్న చిన్న ఆదేశాలు ఒక్కొక్కటిగా తయారయ్యాయి. వీటన్నిటికంటే ముఖ్యమైనది 1989లో వచ్చిన జనరల్ పబ్లిక్ లైసెన్సు (జీపీఎల్). ఈ కోడును మార్చి పంచేవాడు తన మార్పులను కూడా అదే స్వేచ్ఛతో పంచాలన్నది దాని షరతు.

అన్నీ ఉన్నాయి, కెర్నల్ లేదు. యంత్రంలోని ప్రాసెసరును, మెమొరీని, డిస్కును ప్రోగ్రాములకు పంచిపెట్టే నడిమి భాగమే కెర్నల్. అది లేనిదే మిగతావి సొంతంగా నడవలేవు. గ్నూవాళ్ళు 1990లో హర్డ్ అనే కెర్నల్ మొదలుపెట్టారు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన మాక్ మైక్రోకెర్నల్ మీద దాన్ని కట్టాలనుకున్నారు. ఆ పని అనుకున్నదానికంటే చాలా కష్టమైంది. 2016లో హర్డ్ 0.9 విడుదలైంది. 1.0 ఇప్పటికీ రాలేదు.

ఆ ఖాళీలోకి ఫిన్లాండు నుంచి 21 ఏళ్ళ కుర్రవాడు వచ్చాడు. హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991 ఆగస్టు 25న మినిక్స్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్ళకు ఒక సందేశం రాశారు. సరదాకు ఒక ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నాననీ, అది గ్నూ లాగా పెద్దదీ వృత్తి స్థాయిదీ కాబోదనీ అన్నారు. బ్యాష్, జీసీసీ తన కెర్నల్ మీద అప్పటికే నడుస్తున్నాయని కూడా అందులోనే చెప్పారు. ఆ తర్వాత 0.01 సంచికతో జతచేసిన నోట్స్‌లో ఇంకా స్పష్టంగా రాశారు: ఒట్టి కెర్నల్‌తో ఎక్కడికీ పోలేం, షెల్, కంపైలర్లు, లైబ్రరీ కావాలి, లినక్స్‌తో వాడే పనిముట్లలో ఎక్కువ భాగం గ్నూవే. ఈ తగవులో నాకు అన్నిటికంటే విలువైన సాక్ష్యం ఇదే. పేరు గొడవ పుట్టకముందే, ఏ ఒత్తిడీ లేని రోజుల్లో, లినక్స్ కర్త తన చేత్తో తాను రాసిన మాట ఇది. ఎవరి వాటా ఎంతో ఆయనకు ఆనాడే తెలుసు.

లినక్స్ అనే పేరు కూడా ఆయన పట్టుబట్టి పెట్టింది కాదు. ఆయన ఫ్రీక్స్ అనే పేరు అనుకున్నారు. ఫిన్లాండులోని ఫైళ్ళ సర్వరును చూసుకునే ఆరి లెమ్కెకు అది నచ్చలేదు. ఆయన ఆ కోడు ఉంచిన డైరెక్టరీకి లినక్స్ అని పేరు పెట్టారు. ఆ పేరే నిలిచింది. 1992లో టోర్వాల్డ్స్ తన కెర్నల్‌ను గ్నూ వారి లైసెన్సు కిందికి తెచ్చారు. అంతకుముందు లైసెన్సులో ఉన్న డబ్బు తీసుకోరాదన్న నిషేధం తొలగింది. దానితో కంపెనీలు డిస్కులు అమ్మడానికి, దేశదేశాల ప్రోగ్రామర్లు కోడు చేర్చడానికి దారి పడింది.

ఇక్కడి నుంచి పేర్ల కథ. కెర్నల్‌ను, గ్నూ పనిముట్లను, ఎం.ఐ.టి.లో పుట్టిన ఎక్స్ విండో వ్యవస్థను ఒకచోట చేర్చి డిస్కుల మీద ఇచ్చేవాళ్ళు బయలుదేరారు. వాటినే పంపిణీలు లేదా డిస్ట్రోలు అంటున్నాం. 1992 చివర అమెరికాలో ఇగ్‌డ్రసిల్ అనే కంపెనీ అమ్మిన పంపిణీ పేరు ‘లినక్స్/గ్నూ/ఎక్స్’. అంటే గీతలు గీసి పేర్లు కలిపే ఆలోచన స్టాల్‌మన్‌ది మాత్రమే కాదు. చేతిలో ఉన్న వస్తువును ఉన్నదున్నట్టు చెప్పాలనుకున్న వ్యాపారికి కూడా అది తోచింది. 1993 ఆగస్టులో ఇయన్ మర్డాక్ డెబియన్‌ను ప్రకటించారు. మరుసటి ఏడు దాని పేరు డెబియన్ గ్నూ/లినక్స్ అయింది. ఆ రోజుల్లో డెబియన్‌కు ఏడాదిపాటు డబ్బు సాయం చేసింది ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషనే. 1996లో ఈమాక్స్ కొత్త సంచికలో స్టాల్‌మన్ ‘లిగ్నక్స్’ అనే మాట ప్రవేశపెట్టి చూశారు. దానికి ఎదురుగాలి తగిలింది. దాన్ని వదిలి గ్నూ/లినక్స్ దగ్గర నిలబడ్డారు. ఇప్పటికీ ఆ మాట వాడతానని ఒప్పుకోని విలేకరికి ఆయన ఇంటర్వ్యూ ఇవ్వరు.

ఇక వాదాలు. స్టాల్‌మన్ వైపు తరచుగా వినిపించేది కోడు లెక్క. ఒక సీడీ కంపెనీ తన పంపిణీని లెక్కవేసి చూస్తే గ్నూ కోడు దాదాపు 28 శాతం, కెర్నల్ సుమారు 3 శాతం తేలాయని ఆయన రాశారు. 2008లో జీన్యూసెన్స్ అనే పంపిణీ లెక్క చూపి 15 శాతం, 1.5 శాతం అన్నారు. 2011 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు మీద ఇంకొకరు వేసిన లెక్కలో గ్నూ భాగం 8 నుంచి 13 శాతం, కెర్నల్ 6 నుంచి 9 శాతం వచ్చాయి. గ్నోమ్ డెస్క్‌టాప్‌ను గ్నూ కింద కలపాలా వద్దా, కెర్నల్‌కు తోడుగా ఉన్నవాటిని కలపాలా వద్దా అన్నదాన్ని బట్టి అంకె మారింది. ఈ లెక్కలు వాదాన్ని గెలిపించలేవని నా నిశ్చితాభిప్రాయం. కోడు వరసలు ఏటేటా పెరుగుతాయి. 1991లో దాదాపు 10 వేల వరసలున్న కెర్నల్ ఇవాళ కోట్ల వరసలకు చేరింది. అందులో పెద్ద భాగం రకరకాల పరికరాలను నడిపే డ్రైవర్లే. శాతాన్ని బట్టి పేరు పెట్టాలంటే పదేళ్ళకోసారి పేరు మార్చాలి. పైగా అన్ని లెక్కల్లోనూ మిగిలే పెద్ద వాటా ఇద్దరిదీ కాదు. ఆఫీసు ప్యాకేజీలు, బ్రౌజర్లు, కేడీఈ డెస్క్‌టాప్, ఎక్స్, 2010లో వచ్చిన సిస్టమ్‌డీ కర్తలు కూడా పేరులో మా మాట ఏదని అడగొచ్చు.

ఈ ప్రశ్నకు స్టాల్‌మన్ ఇచ్చే జవాబు కోడు లెక్క కంటే చాలా గట్టిది. ఎక్స్ రాసినవాళ్ళు కిటికీల వ్యవస్థ ఒకటి రాయాలనుకున్నారు, రాశారు. టోర్వాల్డ్స్ కెర్నల్ రాయాలనుకున్నారు, రాశారు. స్వేచ్ఛగా వాడుకోదగ్గ ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం ఉండి తీరాలని సంకల్పించి, ఏ ముక్క లేదో జాబితా రాసుకుని, ఎవరికీ ఆసక్తి లేని ముక్కలను కూడా కూర్చుని రాసింది గ్నూ ప్రాజెక్టు. ఆ సంకల్పమే వ్యవస్థను వ్యవస్థగా చేసింది. ఈ వాదాన్ని ఇంతవరకు ఎవరూ నేరుగా ఖండించలేదు, పక్కకు తప్పుకుని పోయారంతే. బీఎస్‌డీ మిత్రులు మాత్రం ఒక న్యాయమైన మాట గుర్తుచేస్తారు. బర్కిలీ విశ్వవిద్యాలయంలో కూడా బీఎస్‌డీ అనే పూర్తి యూనిక్స్ వ్యవస్థ ఒకటి తయారవుతూ వచ్చింది. 1992లో ఏటీ అండ్ టీ అనుబంధ సంస్థ వేసిన దావా 1994 దాకా దాని మీద నీడలా నిలిచింది. ఆ రెండేళ్ళలోనే లినక్స్ ముందుకు దూకింది. దాని నుంచి పుట్టిన ఫ్రీబీఎస్‌డీ చాలా ఏళ్ళపాటు గ్నూ కంపైలరుతోనే తయారైనా దాన్ని ఎవరూ గ్నూ/బీఎస్‌డీ అనలేదు. కాబట్టి కంపైలరు వాడినంత మాత్రాన పేరు మీద హక్కు రాదు. వ్యవస్థ లోపల రోజూ నడిచే సీ లైబ్రరీ, షెల్, మూల ఆదేశాలు ఎవరివన్నదే గీటురాయి కావాలి.

టోర్వాల్డ్స్ పక్షం మాట వేరు. గ్నూవాళ్ళు తమ సొంత పంపిణీ ఒకటి చేస్తే దానికి గ్నూ లినక్స్ అని పేరు పెట్టుకోవచ్చు, రెడ్ హ్యాట్ లినక్స్, సుసే లినక్స్ ఉన్నట్టే అదీ ఉంటుంది, కానీ లినక్స్ మొత్తాన్ని అలా పిలవమనడం హాస్యాస్పదం అని 2001 నాటి ‘రెవల్యూషన్ ఓఎస్’ డాక్యుమెంటరీలో ఆయన చెప్పారు. దీని వెనుక పైకి కనిపించని నిర్వచన భేదం ఒకటి ఉంది. ఆయన చదువుకున్నది ఆండ్రూ టానెన్‌బామ్ పాఠ్యపుస్తకం. కాలేజీల్లో ఆపరేటింగ్ సిస్టమ్స్ అనే సబ్జెక్టు తెరిచి చూడండి. ప్రాసెస్‌లు, మెమొరీ, ఫైల్ వ్యవస్థ, షెడ్యూలింగ్, అంటే కెర్నల్ పనే అంతా. 1997లో ఆయన రాసిన ఎం.ఎస్.సి. సిద్ధాంత వ్యాసం శీర్షిక కూడా లినక్స్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ అనే పేర్కొంది. ఆ నిర్వచనం ప్రకారం ఆయన మాటలో తప్పు లేదు. స్టాల్‌మన్‌కు ఆపరేటింగ్ సిస్టమ్ అంటే యూనిక్స్ లాగా కొని తెచ్చుకుని యంత్రంలో వేసుకుంటే పని జరిగే మొత్తం. ఆ నిర్వచనం ప్రకారం ఆయనదీ తప్పు లేదు. ఇద్దరూ ఒకే మాటతో రెండు వస్తువులను సూచిస్తున్నారు. ఉబుంటు వేసుకున్న విద్యార్థి మాత్రం రెండో అర్థంలోనే ఆ మాట వాడుతున్నాడు. ‘లినక్స్ వేశాను’ అన్నప్పుడు అతని దృష్టిలో ఉన్నది షెడ్యూలరు కాదు.

జనం నోట లినక్స్ ఎందుకు నిలిచిందో అర్థం చేసుకోవడం కష్టం కాదు. సినిమాను హీరో పేరుతో పిలవడం మనకు అలవాటే. కథ రాసినవాడు, తీసినవాడు ఎవరని అడిగేవాళ్ళు తక్కువ. చివరగా వచ్చిన ముక్క కెర్నల్. అది వచ్చాకే యంత్రం లేచింది, కాబట్టి లేపినవాడి పేరే వినబడింది. పొట్టి పేరు, పలకడానికి సులువు. వ్యాపారం కూడా తోడైంది. 1994లో ఒక వ్యక్తి అమెరికాలో లినక్స్ మాట మీద ట్రేడ్‌మార్కు దరఖాస్తు వేసి, తర్వాత డబ్బులు అడగడం మొదలుపెట్టాడు. లినక్స్ వర్గాలవారు గొడవపడి, 1997లో ఆ హక్కును టోర్వాల్డ్స్ పేరుకు మార్పించారు. పేరు విలువ ఎంత పెరిగిందో చెప్పడానికి ఈ ఒక్క ఉదంతం చాలు.

అయితే స్టాల్‌మన్ భయపడింది తన పేరు మరుగున పడుతుందని కాదు. గ్నూ పుట్టిందే ఒక నైతిక వాదంతో. నీ యంత్రంలో నడిచే ప్రోగ్రాము నీ అదుపులో ఉండాలి, దాన్ని పొరుగువాడికి ఇవ్వడం నేరం కాకూడదు అని. లినక్స్ పేరు చుట్టూ పెరిగిన సంస్కృతి ఏది బాగా పనిచేస్తే అది వాడదాం అంటుంది. 1998 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో క్రిస్టీన్ పీటర్సన్ సూచించిన ‘ఓపెన్ సోర్స్’ అనే మాటను ఎరిక్ రేమండ్, బ్రూస్ పెరెన్స్ లాంటివాళ్ళు ఎత్తుకున్నారు. స్వేచ్ఛ గురించి మాట్లాడితే కంపెనీలు బెదురుతాయని, నాణ్యత గురించి మాట్లాడితే వింటాయని వారి ఆలోచన. రెండు పేర్ల వెనుక రెండు ఆశయాలు ఎదురెదురుగా నిలిచాయి. 1999లో లినక్స్‌వరల్డ్ సభలో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌కు లినస్ టోర్వాల్డ్స్ పేరిట ఒక పురస్కారం ఇచ్చారు. స్టార్ వార్స్ సినిమాలోని తిరుగుబాటు సేనకు హాన్ సోలో పేరిట బహుమతి ఇచ్చినట్టుందని స్టాల్‌మన్ అక్కడే అన్నారు. అప్పటికి ఉద్యమం మొదలై పదహారేళ్ళు. ఉద్యమంలో కలిసినవాడి పేరిట ఉద్యమానికే బహుమానం.

ఈ ఆశయాల తేడా కాగితం మీదే ఉండిపోలేదు. 2002 నుంచి 2005 వరకు కెర్నల్ కోడులో వచ్చే మార్పులను చూసుకోవడానికి బిట్‌కీపర్ అనే మూసిన సాఫ్ట్‌వేరు వాడారు. దాని యజమానులు ఉచిత వాడకం ఆపేశాకే టోర్వాల్డ్స్ దాని స్థానంలో గిట్ రాశారు. 2007లో జీపీఎల్ మూడో సంచిక వచ్చింది. యంత్రానికి తాళం వేసి, కోడు చేతికిచ్చినా మార్చి నడపనివ్వని కంపెనీలను అది అడ్డుకుంటుంది. గ్నూ పనిముట్లు దానికి మారాయి, కెర్నల్ రెండో సంచిక దగ్గరే ఉండిపోయింది. కొత్త లైసెన్సు బ్యాష్‌ను తీసుకోకుండా ఆపిల్ తన మ్యాక్‌లలో పాత బ్యాష్ 3.2నే ఏళ్ళ తరబడి ఉంచి, 2019లో వేరే షెల్‌కు మారిపోయింది.

ఐతే పేరు పెట్టుకున్నంత మాత్రాన ఆశయం నిలుస్తుందా? డెబియన్ ముప్పై ఏళ్ళుగా గ్నూ మాటను మోస్తోంది. అయినా ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ మెచ్చిన పంపిణీల జాబితాలో డెబియన్ లేదు. స్వేచ్ఛ లేని ప్యాకేజీలను పక్కన ఉంచి అయినా పంచుతోందన్నది అభ్యంతరం. 2022లో డెబియన్ సభ్యులు ఓటు వేసి, స్వేచ్ఛ లేని ఫర్మ్‌వేర్‌ను ఇన్‌స్టాలర్‌లోనే చేర్చడానికి ఒప్పుకున్నారు. అది లేకపోతే చాలా ల్యాప్‌టాప్‌లలో వై-ఫై పనిచేయదు. కాబట్టి పేరు మారితే మనసులు మారతాయన్న ఆశను నేను పూర్తిగా నమ్మలేను. పేరు ఒక ప్రశ్నను రేపుతుంది, అంతవరకే. గ్నూ అంటే ఏమిటని అడిగిన పిల్లవాడికి 1983 కథ చెప్పే అవకాశం వస్తుంది. అది చిన్న లాభం కాదు.

గత పదిహేనేళ్ళలో ఈ తగవు కింద నేల కదిలిందన్నది, చాలామంది ఇంకా పట్టించుకోని సంగతి. ఇవాళ ప్రపంచంలో ఎక్కువమంది చేతిలో ఉన్న లినక్స్, ఆండ్రాయిడ్ ఫోను. అందులో కెర్నల్ లినక్సే. కానీ సీ లైబ్రరీ గూగుల్ రాసుకున్న బయోనిక్, ఆదేశాలు టాయ్‌బాక్స్‌వి, పై భాగానికి అపాచీ లైసెన్సు. గ్నూ దాదాపు లేదు. సర్వర్లలో డాకర్ కంటెయినర్లకు చాలామంది వాడే ఆల్పైన్ పంపిణీలో మజిల్ లైబ్రరీ, బిజీబాక్స్ ఉంటాయి. 2025 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 25.10లో ఎల్ఎస్, క్యాట్ లాంటి మూల ఆదేశాలకు గ్నూ వారివి తీసి, రస్ట్ భాషలో రాసినవి పెట్టారు. వాటికి ఎం.ఐ.టి. లైసెన్సు. మార్చినవాడు మార్పులను బయటపెట్టాలన్న షరతు అందులో లేదు. మరోవైపు డెబియన్‌వాళ్ళు ఫ్రీబీఎస్‌డీ కెర్నల్ మీద గ్నూను నడిపి 2011లో ఒక సంచిక విడుదల చేశారు. హర్డ్ మీద నడిచే డెబియన్ కూడా ఉంది. అంటే లినక్స్ లేని గ్నూ ఉంది, గ్నూ లేని లినక్స్ కోట్ల జేబుల్లో ఉంది.

ఇది గమనించాక పాత వాదన బలం మారిపోతుంది. 1996లో గ్నూ/లినక్స్ అనడం ఎవరికి ఎంత పేరు దక్కాలన్న పంపకం. ఇవాళ అది వస్తువును గుర్తుపట్టే మాట. డెబియన్, ఫెడోరా ఒక జాతి, ఆండ్రాయిడ్ ఇంకో జాతి. రెంటినీ లినక్స్ అనేస్తే, ఒకదానిలో యజమాని తన యంత్రాన్ని అడుగు దాకా మార్చుకోగలడనీ రెండోదానిలో చాలాసార్లు అది కుదరదనీ పాఠకుడికి ఎలా తెలుస్తుంది? స్టాల్‌మన్ ఘనత కోసం అడిగినది, ఇవాళ స్పష్టత కోసం మనకే అవసరమైంది.

మన దేశంలో ఆ పేరు పరాయిది కాదు. 2001 జులైలో తిరువనంతపురంలో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ భారత శాఖ మొదలైంది. కేరళ ప్రభుత్వ పాఠశాలల కోసం తయారైన వ్యవస్థ పేరు కైట్ గ్నూ/లినక్స్. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ రూపొందించిన బాస్ వ్యవస్థ కూడా గ్నూ/లినక్స్ అనే రాసుకుంది. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ తెలుగులో కనిపించే గ్నూ/లినక్స్ పంపిణీని తెచ్చింది. తెలుగుకు సంబంధించినంతవరకు గ్నూ వాటా స్పష్టంగా కళ్ళకు కనిపిస్తుంది కూడా. మెనూలను, సందేశాలను తెలుగు చేసే కార్యకర్తలు నింపే పీఓ ఫైళ్ళు గ్నూ గెట్‌టెక్స్ట్ పద్ధతిలోవి. తెలుగు నెలల, వారాల పేర్లు గ్నూ సీ లైబ్రరీలో ఉన్నాయి. అదే సమయంలో ఒత్తులూ గుణింతాలూ తెర మీద సరిగ్గా కుదురుకోవడానికి కారణమైన హార్ఫ్‌బజ్, ఫ్రీటైప్ గ్నూవీ కావు, లినక్స్‌లో భాగమూ కావు. పోతన 2000 లాంటి ఖతులు చేసి అందరికీ వదిలినవాళ్ళ శ్రమ ఏ పేరులోనూ ఇమడదు.

కాబట్టి నా తీర్పు ఇది. మాటల్లో ఎవరైనా లినక్స్ అంటే సరిదిద్దాల్సిన పని లేదు. గ్నూ పేరును బలవంతంగా పలికిస్తే విసుగే మిగులుతుంది, ఉద్యమం మీద ఆ విసుగు ఇప్పటికే కొంత పేరుకుంది. రాతలో మాత్రం ఖచ్చితంగా ఉండాలి. డెబియన్, ఫెడోరా లాంటి వ్యవస్థ మొత్తాన్ని పరిచయం చేస్తున్నప్పుడు గ్నూ/లినక్స్ అనడమే నిజం. కెర్నల్ గురించి రాస్తే లినక్స్ అనాలి. ఆండ్రాయిడ్‌ను, ఆల్పైన్‌ను గ్నూ/లినక్స్ అనకూడదు. ఉబుంటు ఇదే దారిలో ఇంకా ముందుకు వెళ్తే దాని పేరు కూడా మళ్ళీ ఆలోచించుకోవాలి.

తెలుగులో కంప్యూటరు పాఠాలు రాసేవారికి, పత్రికల్లో సాంకేతిక శీర్షికలు నడిపేవారికి, వికీపీడియాలో వ్యాసాలు దిద్దేవారికి ఒక విన్నపం. ఈ వ్యవస్థ కథను హెల్సింకీ విద్యార్థి గది దగ్గర, 1991 దగ్గర మొదలుపెట్టకండి. ఎనిమిదేళ్ళు వెనక్కి వెళ్ళి 1983 ప్రకటనతో మొదలుపెట్టండి, ఆ తర్వాత టోర్వాల్డ్స్ పనిని దాని పూర్తి గౌరవంతో చెప్పండి.